పన్నెండో పేజీ

మంగళవారం రాత్రి ఏడింటికి
షెఫీల్డ్‌లో, హిల్స్‌బరో లైబ్రరీ వెనక గది.
హీటర్ పనిచేస్తోందనుకోవడం
మేమంతా కలిసి రాసిన మొదటి కల్పన.
ఆరు కుర్చీలు, అయిదుగురం.
ఆరోది, రాస్తానని చెప్పి రానివాళ్ళకి.

మోరీన్ హేగ్ గారు ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపారు.
సీన్ గురించి చెప్పినా బస్సు మాటే:
"ఆలస్యంగా ఎక్కించు, తొందరగా దింపెయ్.
స్టాండులో నిలబెట్టి ఇంజను తిప్పకు."

కాలమ్‌కి పంతొమ్మిది.
అవార్డు అందుకునే ఉపన్యాసం నోటికొచ్చు,
సినిమాకి ఇంకా పేరు పెట్టలేదు.
గ్వెన్ పదకొండు కథలకి మొదటి అంకం రాసింది,
రెండో అంకం ఒక్కటీ లేదు.
పెళ్ళిచూపులతోనే వయసైపోయినట్టు నవ్వుతుంది.
టెస్ఫాయ్ సైకిలు మీద పిజ్జాలు మోసి
చేతులు చంకల్లో దాచుకుని వస్తాడు, ఒకే ప్రశ్నతో:
"మావాడికేం కావాలో నాకు తెలుసు.
వాడికి ఎన్నో పేజీలో తెలియాలి?"
ఎవరం చెప్పలేదు. బిస్కెట్ల డబ్బా అతని వైపు జరిపాం.

నేను ఆసుపత్రి ల్యాబులో
రక్తం గొట్టాలకి పేర్లు అంటిస్తాను.
"సుభద్ర గుండె బరువెక్కింది" అని రాసుకెళ్ళాను ఓసారి.
"ఏ కాటాలో తూచావు?" అన్నారు మోరీన్ గారు.
"కెమెరాకి గుండె కనపడదమ్మా."
కొట్టేసి రాశాను:
సుభద్ర లిఫ్ట్ బటన్ రెండోసారి నొక్కింది.
అంత చిన్న వాక్యానికి
అంత నిశ్శబ్దం
నాకెప్పుడూ దొరకలేదు.

అసలు చిక్కు పన్నెండో పేజీలో.
ఎదురు ఫ్లాట్ ఆయన్ని ఎనిమిది నెలలు "మీరు" అన్న సుభద్ర
అక్కడ, మొదటిసారి, "నువ్వు" అంటుంది.
అంతే కథ. మిగతాదంతా అక్కడికి దారి.
ఇంగ్లీషులో రాస్తే ఏముంది?
యూ అంది. తర్వాత, యూ అంది.
"ఇందులో మార్పేదీ?" అన్నాడు కాలమ్, న్యాయంగానే.

చెప్పాను. కోపమొస్తే నువ్వు,
దేవుడికి నువ్వు,
మెట్ల మీంచి జారేవాణ్ణి పట్టుకునేటప్పుడు
ఎంత పెద్దవాడైనా నువ్వు.
మీ భాషకి ఆ మెట్టు లేదన్నాను,
కొంచెం గొప్పగానే.

గ్వెన్ కప్పు కింద పెట్టింది.
"మా వెల్ష్‌లో ఉంది. ఖీ ఒకటి, తీ ఒకటి.
మా నాయనమ్మ తాతని బతికున్నన్నాళ్ళూ ఖీ అంది.
పోయాక, ఫోటో తుడుస్తూ, తీ అంది."

మోరీన్ గారు కళ్ళజోడు తీశారు.
"ఈ ఊళ్ళోనూ ఉండేది. థీ, థా.
మా అమ్మ పెరటిగోడ మీంచి అలాగే పిలిచేది.
బళ్ళో అంటే బెత్తం దెబ్బలు.
నేను మానేశాను.
దెబ్బలు తక్కువే తిన్నాను, మరి ఎందుకు మానేశానో."

కాసేపు ఎవరి పేజీలూ తిరగలేదు.
"ఆవిడ అతని కప్పులో టీ తాగాలి," అన్నాడు టెస్ఫాయ్,
"అడక్కుండా."
కాలమ్ రాసుకున్నాడు, తనది కాని సీన్‌ని.

తొమ్మిదింటికి గది మూశారు.
ట్రామ్ స్టాపులో మంచూ వానా కలిసి పడుతున్నాయి.
నా చేతిలో వేడి చిప్స్ పొట్లం.
మోరీన్ మాట్లాడుతూనే చెయ్యి పెట్టి
ఒకటి తీసుకుంది.
"వెనిగర్ చాల్లేదు," అంది.

ట్రామ్ వచ్చింది.
గెట్ ఆన్, అన్నాను.
నా లోపల అది "ఎక్కండి" కాదు, "ఎక్కు".
ఆమెకి వినపడే దారి లేదు.

ఇక్కడ దింపెయ్యాలి, తెలుసు.
కానీ తడిసిన పన్నెండో పేజీ వెనక
ఇంకో రెండు స్టాపులు
రాస్తూనే వెళ్ళాను.